లింకు పెట్టే ముందు ఒక లెక్క

ముందే చెప్తున్నా, నాది చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతుంది. లెక్కలు మాత్రం నావే.

ఫస్టియర్‌లో ఒక 'అఫిలియేట్ ప్రోగ్రామ్'లో చేరాను. చేరడానికే 2,999 రూపాయలు. మెస్ బిల్లు అని చెప్పి అమ్మ దగ్గర తీసుకున్నా. చేరాక చూస్తే అక్కడ అమ్మడానికి ఉన్నది ఆ చేరే ప్యాకేజీ ఒక్కటే! ఒకర్ని చేర్పిస్తే 1,500 అన్నారు. నా రూమ్మేట్‌ని చేర్పించాను. అప్పుడేమో ఇద్దరు చేరితేనే విత్‌డ్రా అన్నారు. రెండోవాడు దొరకలేదు, దొరక్కపోవడమే మంచిదైంది.

కాబట్టి ఏ ప్రోగ్రామ్ చూసినా ముందు అడగాల్సింది ఇదే: కమిషన్ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? మన లింకు నొక్కి ఎవరో వస్తువు కొంటే, అమ్మిన కంపెనీ మనకి వాటా ఇవ్వడం అఫిలియేట్ మార్కెటింగ్. అమెజాన్ 1996లో మొదలుపెట్టిన అసోసియేట్స్ ఈ రకమే, చేరడానికి ఫీజు లేదు. కొత్తగా చేరినవాళ్ళ ఫీజే పాతవాళ్ళకి కమిషన్‌గా తిరుగుతుంటే అది గొలుసు స్కీమ్. మనీ సర్క్యులేషన్ స్కీములని నిషేధిస్తూ మన దేశంలో 1978లోనే చట్టం వచ్చింది. అందులో చేర్పించడం కూడా నేరమే. నాకు అప్పుడు తెలీదు.

ఇక మన సీఎస్ఈ వాళ్ళకి నచ్చే భాగం, కుకీ. లింకు నొక్కగానే బ్రౌజర్‌లో మన ఐడీతో ఒక గుర్తు పడుతుంది. అది ఎన్నాళ్ళుంటుందో చూడండి. అమెజాన్‌లో సాధారణంగా 24 గంటలే. ఫోన్ కవర్‌కి అది చాలు. ల్యాప్‌టాప్ కొనేవాడు మాత్రం వారం ఆలోచిస్తాడు, ఇంట్లో అడుగుతాడు, ఈలోపు ఇంకొకరి లింకు నొక్కుతాడు. చాలాచోట్ల చివరి లింకుకే కమిషన్. ఖరీదైన వస్తువైతే 30 రోజుల కుకీ ఉన్న ప్రోగ్రామ్ వెతకడం మేలు. అన్నట్టు, మన లింకుతో మనమే కొనుక్కుంటే అమెజాన్ లెక్కలోకి తీసుకోదు.

శాతం చూసి పడిపోవద్దు. 5,000 రూపాయల కోర్సు మీద 10 శాతం, అంటే 500. 200 క్లిక్కుల్లో ఒక్కడే కొన్నాడనుకుందాం, క్లిక్కుకి రెండున్నర రూపాయలు. 600 రూపాయల పుస్తకం మీద 4 శాతం, అంటే 24. అదే 200లో 25 మంది కొంటే క్లిక్కుకి మూడు రూపాయలు. మన ఫ్రెండ్స్ ఏం కొంటారో మనకే తెలుసు, కంపెనీకి తెలీదు. వస్తువు వాపసు వెళ్తే కమిషన్ కూడా పోతుంది.

కనీస విత్‌డ్రా మొత్తం కూడా చూడండి. నెలకి 60 వస్తూ, 1,000 దాటితేనే ఇస్తామంటే 17 నెలలు ఆగాలి. మనం సూపర్ సీనియర్లం అయిపోతాం!

లింకు పెట్టినప్పుడు 'దీనివల్ల నాకు కమిషన్ వస్తుంది' అని రాయండి. నేను రాస్తున్నా. క్లిక్కులు కొంచెం తగ్గాయి, పర్లేదు.

రూమ్మేట్‌కి 2,000 తిరిగిచ్చాను, ఇంకా 999 బాకీ. వాడేమీ అడగట్లేదు, అదే ఇబ్బందిగా ఉంది. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ మ్యాగజైన్ లింకు ఇంటి గ్రూపులో పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నా.