పెరటికి చలికాలం ఇచ్చే నూరు రోజులు

డిసెంబరు నెలలో మార్కాపురం కూరగాయల అంగళ్ళకు వెళ్ళి చూడండి. కొత్తిమీర, మెంతికూర, ముల్లంగి, టమాటాలు, చిక్కుళ్ళు కుప్పలుగా పోసి ఉంటాయి. అవే అంగళ్ళకు మే నెలలో వెళ్ళండి. కొత్తిమీర కట్ట సన్నబడుతుంది, ధర పెరుగుతుంది. చిక్కుడుకాయ కనిపించడమే అరుదు. దోస, బెండ, గోరుచిక్కుడు ఆ చోటును ఆక్రమిస్తాయి.

ఇలా ఎందుకు జరుగుతుంది? “వేసవిలో నీళ్ళు ఉండవు కాబట్టి” అని మీరు వెంటనే అంటారు. నిజమే గాని, అది పూర్తి జవాబు కాదు. బావిలో నిండా నీళ్ళున్న ఇంట్లో కూడా మార్చిలో నాటిన టమాటా మొక్క పూస్తుందే గాని సరిగా కాయదు. మార్చిలో పెట్టిన పాతరకం చిక్కుడు తీగ పందిరంతా అల్లుకుంటుంది గాని, మళ్ళీ చలికాలం దగ్గరపడేదాకా పూత వేయదు. అంటే మొక్క నీళ్ళను మాత్రమే కాక మరి కొన్నింటిని కూడా గమనిస్తున్నదన్నమాట. అవేమిటో తెలుసుకుంటే, మన పెరట్లో ఏ విత్తనం ఎప్పుడు వేయాలో మనమే చెప్పగలం.

సముద్రానికి దూరంగా

1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచి వచ్చి అందులో చేరాయి. 2022 దాకా ఒంగోలు, చీరాలతో కలిసి ఒకే జిల్లాలో ఉన్నా ఇక్కడి వాతావరణం మాత్రం కోస్తా వాతావరణం కాదు. మార్కాపురం నుంచి సముద్రం సుమారు వంద కిలోమీటర్ల దూరం. పడమటి దిక్కున నల్లమల కొండలు.

నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. నేల త్వరగా వేడెక్కి, త్వరగా చల్లారుతుంది. అందుకే సముద్రం పక్కన ఉండే చీరాలలో ఎండా, చలీ రెండూ కాస్త మెత్తగా ఉంటాయి. మనకు రెండూ గట్టిగానే తగులుతాయి. మే నెలలో పగటి వేడి 42, 43 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరడం మనకు కొత్త కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. మబ్బులు నేలకు దుప్పటి వంటివి. ఆ దుప్పటి లేని రాత్రి, నేల పగలంతా పుచ్చుకున్న వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. తెల్లవారుజామున వేడి 17, 18 డిగ్రీలకు దిగుతుంది.

ఇప్పుడు లండన్ నగరంతో పోల్చి చూద్దాం. అక్కడ చలికాలంలో మంచు గడ్డకడుతుంది. మొక్క కణాల్లోని నీరు గడ్డకడితే టమాటా, చిక్కుడు వంటివి చచ్చిపోతాయి. అందుకని అక్కడివారు మంచు భయం పోయే మే నెల కోసం ఎదురుచూసి, అప్పుడు నారు బయట నాటుతారు. పంట సెప్టెంబరు దాకా వస్తుంది. వాళ్ళ జూలై రాత్రుల వేడి 14, 15 డిగ్రీలు. అంటే వాళ్ళ నడివేసవి రాత్రి మన డిసెంబరు రాత్రి కంటే కొంచెం చల్లన! వాళ్ళ పెరడు చలికి నిద్రపోతుంది, మనది ఎండకు నిద్రపోతుంది. వాళ్ళ వేసవి పంటలు మనకు చలికాలపు పంటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సుమారు నూరు రోజులపాటు ఒక చల్లని దేశం మన పెరట్లోకి వచ్చి వెళుతుందనుకోండి.

టమాటాకు రాత్రే ముఖ్యం

అమెరికాలోని కాలిఫోర్నియాలో పనిచేసిన ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు టమాటా మొక్కలను వేడి అదుపులో ఉండే గదుల్లో పెంచి చూశాడు. పగలు ఎంత వేడి, రాత్రి ఎంత వేడి అన్నది విడివిడిగా మార్చాడు. రాత్రి వేడి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే కాయలు బాగా పట్టాయని 1944లో ప్రకటించాడు.

రాత్రికి అంత ప్రాధాన్యం ఎందుకు? పగలు ఆకులు కిరణజన్య సంయోగక్రియ ద్వారా చక్కెర తయారుచేస్తాయి. శ్వాసక్రియలో ఆ చక్కెర ఖర్చవుతుంది. ఈ ఖర్చు రాత్రి కూడా ఆగదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఖర్చు ఇంచుమించు రెట్టింపవుతుంది. చల్లని రాత్రి మొక్క పొదుపరి, వేడి రాత్రి దుబారా మనిషి. పైగా ఎక్కువ వేడికి పుప్పొడి చెడిపోతుంది. పుప్పొడి చెడితే ఫలదీకరణ జరగదు, పువ్వు రాలిపోతుంది.

ఒక లెక్క వేసి చూడండి. సెప్టెంబరు చివర టమాటా నారు పోస్తే, అక్టోబరు చివర నాటవచ్చు. నాటిన సుమారు నెలకు, అంటే నవంబరు చివర పూత మొదలవుతుంది. చల్లని రాత్రులు కూడా అప్పుడే మొదలవుతాయి. సంక్రాంతి నాటికి పండ్లు కోయవచ్చు. అదే నారు జనవరి చివర పోశారనుకోండి. పూత మార్చి చివరికి వస్తుంది. అప్పటికి రాత్రులు వేడెక్కి ఉంటాయి. పూత రాలుతుంది. చాలామంది అది తెగులని భ్రమపడి మందు కొడతారు. కాని తప్పు పురుగుది కాదు, తేదీది. ఏ మందూ రాత్రిని చల్లబరచలేదు. ఆ ఖర్చు వృథా, ఆ విషం కూడా మన ఇంటి మడిలోనే పడుతుంది.

చిక్కుడు చూసే పంచాంగం

రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడు ఆకుల్లో నైవేద్యం పెట్టడం మీరు చూసే ఉంటారు. ఆ పండుగ జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తుంది. చిక్కుడు నిండుగా కాసే కాలం అదే. విత్తనం జూలైలో పెట్టినా, ఆగస్టు చివర పెట్టినా పూత మాత్రం ఇంచుమించు ఒకే కాలంలో వస్తుంది. కాలం వచ్చిందని తీగకు ఎవరు చెప్పారు?

దీనికి జవాబు పొగాకు చెప్పింది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ అనే శాస్త్రజ్ఞుల తోటలో ఒక రకం పొగాకు వేసవంతా పూయకుండా మనిషిని మించి పెరిగేది. చలికాలంలో గాజు ఇంట్లో పెడితే మాత్రం పూసేది. వారు వేసవిలోనే కొన్ని మొక్కలను ప్రతిరోజూ సాయంత్రం కాకముందే చీకటి గదిలోకి చేర్చారు. అంటే పగటిని పొట్టిచేశారు. ఆ మొక్కలు పూశాయి! 1920లో వారు ఈ సంగతి ప్రకటించారు. పగటి పొడవును బట్టి పూత రావడాన్ని కాంతికాలావధి అంటారు. నిజానికి మొక్క కొలిచేది రాత్రి పొడవునే. కొలిచే సాధనం ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణపదార్థం. దాని ఉనికి 1959లో రుజువైంది.

మన పాతరకం చిక్కుడు పొట్టి పగళ్ళు వచ్చినప్పుడు పూసే మొక్క. గోంగూర కూడా అంతే. జూన్‌లో విత్తితే నెలల తరబడి ఆకు ఇస్తుంది. అక్టోబరులో విత్తితే పొట్టిగా ఉండగానే పూతకు వస్తుంది. బెంగుళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధనా సంస్థ పగటి పొడవుతో పనిలేకుండా కాసే అర్క జయ్, అర్క విజయ్ అనే పొద చిక్కుడు రకాలను తయారుచేసింది. మొక్క రహస్యం తెలిశాక మనిషి చేయగలిగిన పని అది.

పరాయి విత్తనం, పరాయి పగలు

మార్కాపురం ఇంచుమించు 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ అన్నిటికంటే పొడుగు పగలు సుమారు 13 గంటలు, అన్నిటికంటే పొట్టి పగలు 11 గంటలకు కాస్త ఎక్కువ. లండన్‌లో అవి పదహారున్నర గంటలు, ఎనిమిది గంటల లోపు. ఐరోపాలో పండే ఉల్లి రకాలు పగలు 14 నుంచి 16 గంటలు ఉంటేనే గడ్డ కడతాయి. వాటిని తెచ్చి గిద్దలూరులో నాటితే ఏమవుతుంది? 14 గంటల పగలు ఇక్కడ ఎన్నడూ రాదు. ఆకులే తప్ప గడ్డ రాదు. మన ఉల్లి రకాలు పొట్టి పగటికి అలవాటు పడినవి.

క్యాబేజీది మరో కథ. మన చలికాలంలో అది చక్కగా గడ్డ కడుతుంది గాని పూసి విత్తనం ఇవ్వదు. ఐరోపా రకాలు పూయాలంటే కొన్ని వారాలపాటు 10 డిగ్రీల లోపు చలి అనుభవించాలి. ఇలా చలివల్ల పూతకు సిద్ధం కావడాన్ని వెర్నలైజేషన్ అంటారు. మనకు అంత చలి లేదు. అందుకే ఆ విత్తనాన్ని హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయ వంటి చల్లని చోట్ల పండిస్తారు.

నీటి లెక్క

మన ప్రాంతంలో వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువ. తరువాత వచ్చే చలికాలంలో నేలలో తేమ ఉంటుంది, బావుల్లో నీరు ఉంటుంది. కంభం చెరువు చేసే పని కూడా ఇదే. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్ట వేసి, వాన నీటిని ముందు నెలలకు దాచారు. 2020లో ఆ చెరువుకు ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది.

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే సరిగ్గా ఒక లీటరు. మే నెలలో మడి నుంచి, ఆకుల నుంచి రోజుకు సుమారు 7 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. డిసెంబరులో సుమారు 4. మీ పెరటి మడి 10 చదరపు మీటర్లయితే మేలో రోజుకు 70 లీటర్లు, డిసెంబరులో 40 లీటర్లు కావాలి. నూరు రోజులకు తేడా 3,000 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు 200! మంచినీళ్ళ కోసం ట్యాంకరు దగ్గర బారులు తీరే ఊళ్ళలో ఈ 200 బిందెలు చిన్న సంగతి కాదు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు మడికి పోసి, మొదళ్ళ చుట్టూ వేరుశనగ పొట్టో ఎండుటాకులో పరిస్తే ఇంకా కొంత మిగులుతుంది.

కార్తెల పట్టిక

మన పెద్దలు ఈ లెక్కలన్నీ కార్తెల్లో చెప్పుకున్నారు. సూర్యుడు ఆకాశంలో నడిచే దారిని 27 నక్షత్రాలకు పంచారు. ఏడాదిని 27తో భాగిస్తే ఒక్కో కార్తెకు పదమూడున్నర రోజులు వస్తాయి. కార్తె చంద్రుణ్ణి కాక సూర్యుణ్ణి అనుసరిస్తుంది కాబట్టి ప్రతి ఏడూ ఇంచుమించు అదే తేదీకి వస్తుంది. పెరటి పనికి ఇది చాలా అనువు.

మృగశిర, ఆరుద్ర (జూన్ 8 మొదలు జూలై మొదటి వారం దాకా): బెండ, గోరుచిక్కుడు, గోంగూర, బీర, కాకర. ఆ వెంటనే చిక్కుడు పాదులు. పందిరికి కంది కట్టె బాగా పనికి వస్తుంది.

ఉత్తర, హస్త (సెప్టెంబరు 13 మొదలు అక్టోబరు 10 దాకా): టమాటా, క్యాబేజీ నారు. వానలకు నీరు నిలవకుండా నారుమడి ఎత్తుగా ఉండాలి.

స్వాతి, విశాఖ (అక్టోబరు 24 మొదలు నవంబరు 18 దాకా): నారు నాటడం. ముల్లంగి, క్యారట్, బీట్‌రూట్ గింజలు నేరుగా విత్తడం.

అనూరాధ మొదలు ఉత్తరాషాఢ దాకా (నవంబరు 19 మొదలు జనవరి 23 దాకా): కార్తెకొకసారి కొత్తిమీర, మెంతి.

ఫిబ్రవరి: నీరుంటే దోస, సొర, బెండ.

రోళ్ళు పగిలే రోహిణికి ముందే, ఏప్రిల్, మే నెలల్లో మడిని లోతుగా తవ్వి ఎండనివ్వండి. పురుగుల గుడ్లు, కలుపు చాలావరకు నశిస్తాయి.

అయితే కార్తె సూర్యుడి చోటు చెబుతుందే గాని, ఈ ఏటి వాననూ, రాత్రి వేడినీ చెప్పదు. 1901 నుంచి 2018 లోపల భారతదేశపు సగటు వేడి సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర ప్రభుత్వం 2020లో వెలువరించిన నివేదిక తెలిపింది. రాత్రులు వేడెక్కితే మన నూరు రోజులు కురచవుతాయి. అందుచేత పెద్దల కార్తెతోపాటు మీ కొలత కూడా కావాలి.

మీరే చేసి చూడండి

1. ధనియాన్ని మెత్తగా నలిపితే రెండు బద్దలవుతుంది. ఒక్కో బద్దలో ఒక విత్తనం ఉంటుంది. సెప్టెంబరు నుంచి మార్చి దాకా కార్తెకొకసారి 50 బద్దలు విత్తండి. ఎన్ని మొలిచాయో, ఎన్ని రోజులకు పూతకు వచ్చాయో రాయండి. బడిలో ఉష్ణమాపకం ఉంటే తెల్లవారుజామున వేడి ఎంతో పక్కనే రాయండి. మార్కాపురం పలక మీద గళ్ళు గీసుకుంటే సరిపోతుంది!

2. ఆగస్టులో రెండు తొట్లలో పాతరకం చిక్కుడు పెట్టండి. ఒకటి రాత్రంతా దీపం వెలిగే చోట, రెండోది చీకటి చోట ఉంచండి. పగలు రెండింటికీ ఒకే ఎండ తగలాలి. ఏది ముందు పూస్తుంది?

3. మీ వీధిలో ఎవరి టమాటా పూత అయినా రాలుతుంటే, మందు సంగతి అడిగేముందు నారు పోసిన తేదీ అడగండి. అక్కణ్ణుంచి పూత కాలానికి లెక్క కట్టి, కారణం ఏమై ఉంటుందో వారికి వివరించండి.