మిరప ఎప్పుడు అమ్మాలి?

పర్చూరు చుట్టుపక్కల నేల నల్లరేగడి. పత్తి, మిరప, శనగ, పొగాకు ఇక్కడి పంటలు. ఒకప్పుడు పర్చూరు ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. మిరప అమ్మాలంటే మాత్రం అప్పుడూ ఇప్పుడూ పెద్ద బజారు గుంటూరు యార్డే.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. కళ్ళాల్లో కాయ ఎర్రగా ఎండుతుంటుంది. రైతు మనసులో ఒకటే ప్రశ్న. ఇప్పుడు అమ్మాలా? ఆగాలా?

ఈ ప్రశ్న రైతు ఒక్కడిదే కాదు. వ్యాపారి కూడా ఇదే ఆలోచిస్తాడు. ఇప్పుడు కొనాలా? ఆగాలా? ఒకరి అవసరాన్ని ఒకరు కనిపెట్టుకొని ఉంటారు. ఎవరు ఎక్కువ కాలం ఆగగలిగితే ధర వాళ్ళ వైపు మొగ్గుతుంది.

వ్యాపారి లెక్క

కోతల కాలంలో రైతుకు డబ్బు కావాలి. కూలీలకు ఇవ్వాలి. ఎరువుల కొట్లో బాకీ తీర్చాలి. కౌలు కట్టాలి. ఇవన్నీ వ్యాపారికి తెలుసు. రేపు ఇంకా బస్తాలు వస్తాయని కూడా తెలుసు. అందుకే తొందరపడడు.

అయితే వ్యాపారికీ ఒక ఇబ్బంది ఉంది. గుంటూరు మిరప చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి దేశాలకు పోతుంది. ఆర్డరు ఒప్పుకున్నవాడు గడువు లోపల సరుకు పంపాలి. తాను ఆగితే మంచి కాయను పక్క వ్యాపారి కొనుక్కుపోతాడు. కొనేవాళ్ళు చాలామంది ఉంటే ఎవరూ ఎక్కువ రోజులు ఆగలేరు. కొద్దిమందే ఉంటే అందరూ ఆగగలరు.

2025లో పర్చూరు ప్రాంతంలో నల్ల బర్లీ పొగాకుకు ఇదే జరిగింది. అంతకు ముందు ధర బాగుందని ఎక్కువమంది బర్లీ వేశారు. కొనే కంపెనీలు కొద్ది. కొనుగోళ్ళు మందగించాయి. ఆకు రైతుల దగ్గరే మిగిలిపోయింది. చివరికి ఆ ఏడాది జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనడం మొదలుపెట్టింది.

ఆగితే ఖర్చెంత?

మిరపను కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగవచ్చు. రంగు పోకుండా ఉంటుంది. మరి ఖర్చు?

ఒక రైతు ఇంట్లో ఈ మాటే వచ్చింది. 20 క్వింటాళ్ళ కాయ ఉంది. క్వింటాలు 10,000 రూపాయలకు అడిగారు.

"కోల్డ్ స్టోరేజీలో పెడదాం. ఆరు నెలలకి 11,000 అవుద్ది. 20,000 మిగులుద్ది" అన్నాడు భర్త.

భార్య పొదుపు సంఘంలో లెక్కలు రాస్తుంది. నోటుబుక్కు తీసింది.

"మనం ఆగితే వడ్డీ ఆగిద్దా అయ్యా?" అంది.

వాళ్ళ అప్పు 2,00,000. ఇప్పుడు అమ్మితే తీరిపోతుంది. ఆగితే ఆమె వేసిన లెక్క ఇది:

వడ్డీ, నూటికి నెలకు 2 రూపాయలు, ఆరు నెలలకు – 24,000
50 బస్తాలకు అద్దె, బస్తాకు 200 – 10,000
రవాణా, హమాలీ – 4,000
మొత్తం – 38,000

"రెండు లక్షలకి ఇది కలిపితే 2,38,000. ఇరవైతో భాగిస్తే 11,900. ధర అంత పలికితే ఇప్పుడు అమ్మినదానితో సమానం. 11,000కి అమ్మితే 18,000 మన చేతి నుంచి పోతాయి" అంది భార్య.

భర్త లెక్క మళ్ళీ ఒకసారి చూశాడు. "తరుగు కూడా ఉంటదే" అన్నాడు.

ఈ అంకెలు నేర్చుకోవడానికి వేసినవి. మీ వడ్డీ, మీ అద్దె వేసుకొని చూడండి. ఆగడానికి కూడా ఒక ధర ఉంటుంది. ఆ ధర ముందే తెలుసుకోవాలి.

అందరూ ఒకేలా ఆలోచిస్తే?

2016లో మిరప క్వింటాలు ధర 10,000 దాటింది. అది చూసి ఊరూరా మిరప వేశారు. ఒక్కొక్కరి ఆలోచన తప్పు కాదు. కానీ అందరిదీ ఒకే ఆలోచన. 2017 వేసవికి సరుకు యార్డులను ముంచెత్తింది. ధర సగానికి పైగా పడిపోయింది. మే నెలలో కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 5,000 మద్దతు ప్రకటించవలసి వచ్చింది.

2023లో తేజ రకం 20,000 దాటి పలికింది. 2025 మొదట్లో ధర మళ్ళీ బాగా పడింది. కోల్డ్ స్టోరేజీల్లో పాత కాయ మిగిలి ఉండగానే కొత్త కాయ వచ్చింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం 11,781 ధర ప్రకటించింది.

అందరూ ఒకేసారి అమ్మితే ధర పడుతుంది. అందరూ ఆగి, తర్వాత ఒకేసారి బయటికి తీసినా పడుతుంది. కాబట్టి "నేనేం చేయాలి?" అని అడిగితే సగమే అడిగినట్లు. "మిగతావాళ్ళు ఏం చేయబోతున్నారు?" అని కూడా అడగాలి.

ఏం చేయవచ్చు?

1. మిరప వేసే ముందు రెండు సంగతులు కనుక్కోవాలి. చుట్టుపక్కల ఎంతమంది వేస్తున్నారు? కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వ ఎంత ఉంది?

2. పేపర్లో యార్డు ధరలు చదవాలి. అన్నిటికన్నా పై ధర కొద్ది బస్తాలకే పడుతుంది. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో చూసుకోవాలి.

3. కాయను బాగా ఎండబెట్టాలి. తాలుకాయ వేరు చేయాలి. మంచి సరుకు ఉన్నవాడే బేరంలో నిలబడగలడు.

4. ఉన్నదంతా ఒకేసారి అమ్మవద్దు. ఉన్నదంతా దాచవద్దు. ఎక్కువ వడ్డీ బాకీ తీరేంత ముందు అమ్మాలి. మిగతాది రెండు మూడు దఫాలుగా అమ్మవచ్చు.

5. కోల్డ్ స్టోరేజీ రసీదు జాగ్రత్త చేయాలి. దాని మీద బ్యాంకు అప్పు దొరకవచ్చు. అమ్మినప్పుడు తక్‌పట్టీ అడిగి తీసుకోవాలి. బరువు, ధర, కోతలు స్వయంగా చదువుకోవాలి.

లెక్క వేయండి

10 క్వింటాళ్ళ మిరప ఉంది. ఇప్పటి ధర 12,000. నాలుగు నెలలు ఆగితే వడ్డీ 8,000, అద్దె 5,000, రవాణా 2,000 అవుతుంది. క్వింటాలు ఎంతకు అమ్మితే ఇప్పటి ధరతో సమానం? (జవాబు: 13,500)

చర్చించండి

1. నిరుడు మీ ఊళ్ళో ఏ పంటకు మంచి ధర వచ్చింది? ఈ ఏడు ఎంతమంది అదే వేశారు?

2. పదిమంది రైతులు కలిసి వంతులవారీగా సరుకు అమ్మితే లాభం ఏమిటి? ఒక్కరు మాట తప్పితే ఏమవుతుంది?