లింబాయత్ నుంచి సిరిసిల్లకు: మాటకు కాపలా కాసే మూడు బిట్లు

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు వెళ్తే మరమగ్గాల మోతలో తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ నుంచి వలసెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. అక్కడి నుంచి ఒకాయన 2జీ ఫోన్లో సిరిసిల్లకు చేసి, "అమ్మా, పైసలు ముట్టినయా?" అన్నాడనుకుందాం. ఆ మాట దారిలో చెడితే ఎలా తెలుస్తుంది? 2జీ ఫోన్లు వాడే జీఎస్ఎం ఫుల్ రేట్ అనే పద్ధతిలో వరుసగా చూద్దాం. మగ్గం మోత తప్పు కింద లెక్క కాదు. మైకులో పడింది కాబట్టి అదీ గొంతుతో పాటే వెళ్తుంది. పట్టాల్సింది గాలిలో తారుమారైన బిట్లను.

1. కోత: గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలు చేస్తారు. ముక్కకు 160 నమూనాలు. కోడెక్ వాటిని 260 బిట్లకు కుదిస్తుంది.

2. ఏరివేత: అన్ని బిట్లూ ఒక్కటి కావు. 50 బిట్లు కీలకం, అవి చెడితే మాటే పోతుంది. మరో 132 చెడితే కొంత నష్టం. మిగతా 78 చెడినా చెవి సర్దుకుంటుంది.

3. తనిఖీ బిట్లు: కీలకమైన 50 బిట్లను 1011తో భాగించి, 3 బిట్ల శేషాన్ని జతచేస్తారు. చిన్న లెక్క చూడండి. 1101 పక్కన మూడు సున్నాలు పెట్టి 1011తో భాగించండి. తీసివేతలో అరువు లేదు: ఒకేలాంటివైతే 0, వేరైతే 1. శేషం 001. పంపేది 1101001. అవతల మళ్లీ భాగిస్తే శేషం సున్నా రావాలి. మూడో బిట్ తిరగబడి 1111001గా చేరితే 110 మిగులుతుంది. తప్పు దొరికినట్టే. జీఎస్ఎం ప్రమాణంలో శేషం బిట్లను తిరగేసి పంపుతారు. సూత్రం మాత్రం ఇదే.

4. రక్షణ: తనిఖీ బిట్లతో కలిపి 53, ఆపై 132, చివర 4 సున్నాలు కలిపి 189. కన్వల్యూషనల్ కోడ్ ఒక్కో బిట్‌కు రెండేసి బిట్లు తయారుచేసి వీటిని 378 చేస్తుంది. 78 అలాగే చేరితే మొత్తం 456.

5. పంపకం: 456ను 57 చొప్పున ఎనిమిది బర్స్ట్‌లలోకి, అంటే చిన్న రేడియో విడతల్లోకి సర్దుతారు. ఒక బర్స్ట్ పూర్తిగా పోయినా ఈ ముక్కలో పోయేది ఎనిమిదో వంతే.

6. పరీక్ష: సూరత్ టవర్ దగ్గర బిట్లను తిరిగి పేర్చి, ఆ కోడ్ ఆధారంగా విటెర్బి అనే పద్ధతిలో తప్పులు దిద్దుతారు. చిక్కేమిటంటే, అందింది ఉత్త చెత్తయినా విటెర్బి ఏదో ఒక జవాబు ఇచ్చి తీరుతుంది. ఆ జవాబును నమ్మాలో వద్దో చెప్పేవి ఆ మూడు బిట్లే.

7. తీర్పు: శేషం కుదరకపోతే ముక్కను పారేసి, ముందటి ముక్కనే మళ్లీ వినిపిస్తారు. తప్పులు ఆగకపోతే శబ్దం తగ్గుతూ 320 మిల్లీసెకన్లలో మౌనమవుతుంది. సిరిసిల్ల టవర్ నుంచి అమ్మ ఫోనుకు వెళ్లేటప్పుడు ఇదంతా మళ్లీ మొదలు.

మూడు బిట్లకు వచ్చే శేషాలు ఎనిమిదే. అందుకే ఉత్త చెత్త కూడా ఎనిమిదింట ఒకసారి పరీక్ష దాటేస్తుంది. ఆ తర్వాతి ఎన్‌హాన్స్‌డ్ ఫుల్ రేట్‌లో మరో 8 తనిఖీ బిట్లు చేర్చింది ఇందుకే. 4జీ వోల్టీలో 24 తనిఖీ బిట్లున్నాయి. తప్పు పట్టుబడితే మళ్లీ పంపమని అడిగే వీలూ ఉంది. 2జీ కాల్‌లో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి గొంతు సాగి ఆగిందంటే తనిఖీ పనిచేసింది. కీచుమందంటే చెత్త దాన్ని దాటి వచ్చింది.