భయపు పోటు, మనస్సు క్రుంగుదల

పఠనభాగము: 1 రాజులు 19:1–21

ఈ మధ్య ఇండ్లు దర్శించుటకు వెళ్లినప్పుడు మేము ఒకే మాటను పలుచోట్ల వినుచున్నాము. "అయ్యగారూ, ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకొనును, ఊపిరాడదు, చెమటలు పట్టును, ఈ క్షణమే ప్రాణము పోవుననిపించును. ఈసీజీ తీసి గుండెకేమియు లేదన్నారు. మరి ఇదేమి?" అని అడుగుచున్నారు. ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు, దిష్టి తగిలినదందురు. మన విశ్వాసులైతే విశ్వాసము చాలదందురు. ఈ చివరి మాటయే ఎక్కువ గాయము చేయుచున్నది గనుక ఈ నెల పాఠము దీనినిగూర్చి వ్రాయుచున్నాము.

దీనిని వైద్యులు పానిక్ అటాక్ అందురు. భయపు పోటు అని మనము చెప్పుకొనవచ్చును. పొలము గట్టున పాము ఎదురైనప్పుడు మన శరీరము ఏమి చేయునో చూడుడి. మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను ద్రవమును రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును, కాళ్లు పరుగునకు సిద్ధపడును. దేవుడు మన రక్షణకొరకు పెట్టిన ఏర్పాటిది. అయితే పాము లేకుండగనే ఈ ఏర్పాటు మేల్కొనుటయే ఈ జబ్బు. ఊపిరి త్వరత్వరగా తీయుటవలన రక్తములో బొగ్గుపులుసు వాయువు తగ్గి, తల తిరుగును, వ్రేళ్లు తిమ్మిరెక్కును. సామాన్యముగా పది నిమిషములలోగా తారస్థాయికి వచ్చి, తరువాత మెల్లగా తగ్గిపోవును. ఎంత భయంకరముగా తోచినను పోటు తనంతట తానే ప్రాణము తీయదు.

ఒక హెచ్చరిక. గుండెజబ్బు, థైరాయిడ్ జబ్బు, రక్తహీనతలలో కూడ ఇట్టి దడ రావచ్చును. కాబట్టి మొదటిసారి వచ్చినప్పుడు, ముఖ్యముగా ఛాతీలో నొప్పి యున్నయెడల, ఇది భయమేలే అని ఇంట కూర్చుండక వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

ఇక క్రుంగుదల వేరు. డిప్రెషన్ అని వైద్యులు పిలుచు ఈ వ్యాధిలో రెండు వారములు, అంతకు మించియు, దాదాపు ప్రతిదినము మనస్సు చీకటిగా నుండును. ఇష్టమైన పనియు రుచింపదు. నిద్ర, ఆకలి చెడును. నేనెందుకును పనికిరాను అను తలంపు విడువదు. పోటు గాలివాన వంటిది, క్రుంగుదల కరువు వంటిది. అయితే ఈ రెంటికిని దారి యున్నది. సంతలో ఒకసారి పోటు వచ్చిన సహోదరి మరల సంతకు వెళ్లుటకు జంకును. బస్సు ఎక్కుట మానును. గుడిలో అందరి మధ్య వచ్చునేమోనని ఆరాధనయు మానును. పోటుకంటె పోటు వచ్చునేమో అను భయము పెద్దదగును. మనుష్యులు దూరమై, పని తప్పి, నాలుగు గోడల మధ్య మిగిలినప్పుడు క్రుంగుదల వచ్చి చేరును. అందరికిని ఇట్లగునని కాదు. కొందరికి ముందు క్రుంగుదల వచ్చి, దానిలో పోట్లు పుట్టును. ఏది ముందు వచ్చినను రెండవదానిని అడిగి తెలిసికొనుట వైద్యునికిని కాపరికిని అవసరము.

ఇప్పుడు ఏలీయాను చూతము. అతనికి ఈ వ్యాధి పేరు తగిలించుట మా ఉద్దేశము కాదు. అయినను ఆ అధ్యాయపు క్రమమును గమనించుడి. కర్మెలుమీద జయము పొందిన వెంటనే, ఈజెబెలు పంపిన ఒక్క కబురుతో ప్రాణభయము పట్టుకొనెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి పోయెను. ఒంటరియైన తరువాతనే బదరీవృక్షము క్రింద చావు కోరెను. దేవుడు అచ్చట ప్రసంగము చేయలేదు, విశ్వాసమేదని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూత ముట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపెను. ఒకసారి చాలక రెండవసారి కూడ. ప్రశ్నలన్నియు హోరేబు చేరిన తరువాతనే. అధ్యాయము ముగియకమునుపే ఎలీషా తోడుగా ఇయ్యబడెను. దాసుని విడిచినవానికి తోడు దొరికెను!

మన సంఘములలో పేరెరిగిన స్పర్జన్ దొరగారి సంగతియు చెప్పవలెను. 1856 అక్టోబరు 19 ఆదివారము సాయంకాలము లండనులోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాల్‌లో ఆయన ప్రసంగించుచుండగా ఎవరో అగ్ని అని కేకవేసిరి. అగ్ని లేదు. తొక్కిసలాటలో 7 మంది చనిపోయిరి. అప్పటికాయన వయస్సు 22. ఇంట నెల దినముల కవల పిల్లలు. ఆ దెబ్బతో కొన్నాళ్లు ఆయన నోట ప్రసంగము రాలేదు. అయినను నవంబరులోనే మరల అదే హాలునకు వెళ్లి, 1859 వరకు అక్కడ ప్రసంగించెను. భయపడిన చోటికి కొంచెము కొంచెముగా తిరిగి వెళ్లుట నేటి చికిత్సలో ముఖ్యమైన భాగమే. కాని క్రుంగుదలమాత్రము 1892లో మరణించువరకు వచ్చుచు పోవుచునేయుండెను. ఆయన దాని దాచలేదు. తన విద్యార్థులకిచ్చిన ఉపన్యాసములలో ఒకటి దీనినిగూర్చియే. శరీర వ్యాధిని, విశ్రాంతి లేని పనిని అందులో కారణములుగా చెప్పెను. ఆయనకు విశ్వాసము చాలదనుటకు మనలో ఎవరికి నోరు వచ్చును?

చింతపడవద్దని ఫిలిప్పీ 4:6లో పౌలు వ్రాసిన మాట ఓదార్పు. దానిని కొరడా చేయరాదు. అదే పౌలు 2 కొరింథీ 7:5లో తన లోపలి భయములను ఒప్పుకొన్నాడు.

పోటు వచ్చినప్పుడు కూర్చుండబెట్టి, ఊపిరిని మెల్లగా, పొడవుగా వదలుమని చెప్పుడి. చుట్టు గుమికూడవద్దు. ఈ రెండు వ్యాధులకును మాటలద్వారా చేయు చికిత్సయు, మందులును కలవు. మందు పని చూపుటకు కొన్ని వారములు పట్టును. కొంచెము బాగుపడగానే మనంతట మనము మానరాదు. దుకాణములో అడిగి కొను నిద్రమాత్రలు వేరు. అవి అలవాటై పట్టుకొనును. సారా అంతకంటె చెడ్డది. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరున రాత్రింబగళ్లు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడుదురు.

ఎవరైనను చావవలెనని ఉన్నదనినయెడల తేలికగా తీసికొనకుడి. అట్టి తలంపు కలదా అని అడిగినందువలన అది పుట్టదు. ఒంటరిగా విడువక, ఇంటిలోని పురుగుల మందును ఆ దినమే బయటికి చేర్చి, ఆసుపత్రికి తీసికొనిపోవుడి. ప్రార్థన చేయుచునే తీసికొనిపోవుడి.

సంఘపెద్దలకు ఒక మనవి. ఇట్టి బాధగలవారికి ఆరాధనలో తలుపు దగ్గర చోటు విడువుడి. మధ్యలో లేచి వెలుపలికి వెళ్లినను చూపులతో వెంబడింపక, పరిచయమున్న ఒకరిని మాత్రము వెంట పంపుడి. మూడు ఆదివారములు కనబడనివారి ఇంటికి ఈ వారమే వెళ్లుడి. వెళ్లునప్పుడు తినుటకేమైన చేతపట్టుకొని వెళ్లుడి.