క్రిమిరోగాలు - ఖర్చులేని చికిత్స

తిరుపతిలో వైద్యవృత్తి చేస్తున్న నన్ను తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "పిల్లవాడు నిద్రలో పళ్ళు కొరుకుతున్నాడు, కడుపులో పురుగులున్నట్టున్నాయి, వాయువిడంగాలు ఎంత పెట్టమంటారు?" పళ్ళు కొరికినంత మాత్రాన పురుగులున్నాయని చెప్పలేము. అందుచేత మోతాదు చెప్పక ముందు మరుగుదొడ్డి, త్రాగునీరు, పిల్లవాడి గోళ్ళు ఎలా ఉన్నాయని విచారిస్తాను. కొందరు నొచ్చుకుంటారు కూడా.

చరకసంహిత విమానస్థానంలో క్రిమిచికిత్స మూడు విధాలుగా చెప్పబడింది. క్రిములను బయటికి తీసివేయడం అపకర్షణం. చేదు, కారం, వగరు గల ద్రవ్యాలతో వాటి పెరుగుదలకు అనువైన స్థితిని చెరచడం ప్రకృతివిఘాతం. అసలు కారణాన్నే పరిహరించడం నిదానపరివర్జనం. మన ఇళ్ళలో మొదటి రెండింటికి ఉన్న గౌరవం మూడవదానికి లేదు. ఖర్చు తక్కువైనదీ, ఫలితం నిలిచేదీ అదే.

దీనికి నారికురుపు కంటె మంచి నిదర్శనం లేదు. దిగుడుబావిలోని కంటికి ఆనీ ఆనని నీటిపురుగులతో పాటు ఆ క్రిమి పిల్లలు కడుపులో చేరేవి. సుమారు సంవత్సరానికి మూరెడు పొడవు మించిన పురుగు కాలు చీల్చుకొని బయటపడేది. మంట తాళలేక రోగి బావిలో కాలు పెడితే మళ్ళీ ఆ నీరంతా కలుషితం. ఈ వ్యాధి ప్రబలిన రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. దీనిని నయంచేసే మందు లేదు, టీకా లేదు. నీటిని దళసరి గుడ్డతో వడగట్టారు, దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, కురుపున్నవారిని నీటిలో దిగనివ్వలేదు. 1996 తరువాత దేశంలో ఒక్క రోగి కనబడలేదు. 2000లో భారతదేశం ఈ వ్యాధినుండి విముక్తమైనట్టు ధ్రువీకరణ లభించింది.

ప్రేవులలోని పురుగుల విషయం ఇంత సులభం కాదు. ఆడ ఏలికపాము ఒక్కటి రోజుకు రెండు లక్షల వరకు గుడ్లు పెట్టగలదు. అవి మట్టిలో రెండు మూడు వారాలు పక్వమై కూరగాయలకు, చేతులకు అంటుకొని నోటికి చేరుతాయి. కొంకిపురుగు మరొక రకం. దాని పిల్ల అరికాలి చర్మం గుండా ప్రవేశించి, ఊపిరితిత్తుల మీదుగా ప్రేవులు చేరి రక్తం పీలుస్తుంది. తిరుమలకు కాలినడకన వెళ్ళే భక్తులకు ఈ భయం ఉన్నదా అని ఒక పెద్దమనిషి అడిగారు. ఎండకు కాగే రాతిమెట్లు దానికి నెలవు కావు. మలం కలిసిన తడిమట్టి, నీడ దానికి కావాలి. చెప్పులు అవసరమైనది ఊరి వెనుక చెట్లచాటున.

నా పొరపాటొకటి చెప్పాలి. పాలిపోయిన ఒక బాలికకు మూడు నెలలు విడంగచూర్ణంతోనే కాలం గడిపాను. చివరికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు గ్రాములు! ఆల్బెండజోల్, ఇనుము మాత్రలు ఇచ్చిన తరువాతే ఆ పిల్ల కోలుకున్నది. విడంగాల మీద నాకు గౌరవం పోలేదు. కాని రక్తహీనత ఉన్నచోట వాటినే నమ్మి కాలహరణం చేయరాదని తెలిసింది. గర్భిణులకు విడంగాలు అసలే ఇవ్వరాదు.

2015 నుండి నులిపురుగుల నిర్మూలన దినాలలో ఒకటి నుండి పంతొమ్మిదేళ్ళ వయసువారికి పాఠశాలలలో, అంగన్‌వాడీలలో ఆల్బెండజోల్ ఉచితంగా ఇస్తున్నారు. 400 మిల్లీగ్రాముల మాత్రను నమిలి మ్రింగాలి. రెండేళ్ళలోపు వారికి సగం, పొడిచేసి. జ్వరంతో ఉన్న పిల్లలకు తగ్గాక ఇప్పించండి. పురుగులు ఎక్కువగా ఉన్నవారికి కొంచెం వికారం, కడుపునొప్పి రావచ్చు, త్వరలోనే తగ్గుతాయి.

ఇంగ్లీషు మందని సంకోచించే పాఠకులకు ఒక మాట. బోదకాలు క్రిములకు వాడే డైఇథైల్‌కార్బమజీన్ మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వంలో అమెరికాలో రూపొందింది. ఆయన అంతకుముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించినవారు.

రాత్రిపూట ఆసనం వద్ద దురదపెట్టే సన్నని తెల్లపురుగులకు మాత్రం పిల్లవాడొక్కడికే మందు వేస్తే లాభం లేదు. వైద్యుని సలహాతో ఇంటిల్లిపాదీ ఒకేరోజు వేసుకొని, రెండు వారాలకు మళ్ళీ వేసుకోవాలి. ఆ ఉదయమే పక్కబట్టలు వేడినీటిలో ఉతికి, అందరి గోళ్ళూ కత్తిరించాలి. గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లల విషయంలో వైద్యునికి ముందే చెప్పండి.