"అవ్వ" యను పదము

మంత్రాలయమునొద్ద తుంగభద్రను దాఁటినచో "అవ్వ" యను పదము తరము మార్చుకొనును. ఈవలి మన తెలుఁగిండ్లలో అవ్వ యనఁగా తల్లిదండ్రులను గన్న ముసలమ్మ. ఆవలి కన్నడపుటిండ్లలో సామాన్యముగఁ దల్లియే. తమిళమున ఔవై యన్నచో తల్లియు నగును, వృద్ధస్త్రీయు నగును. మూఁడును ఒకే ద్రావిడమూలమునుండి వచ్చినవి.

లాటినునందును అవ్వకు "అవియా" యని పేరు కలదు. ధ్వని కలిసినంతమాత్రమున చుట్టఱికము కలియదు. ఆ భాష వేఱు కుటుంబమునకుఁ జెందినది. 1816లో ఎల్లిసు దొర తెలుఁగు, తమిళ, కన్నడ ధాతువులను వరుసగఁ బోల్చి, ఈ భాషలు సంస్కృతజన్యములు గావనియు, ఒక్క కుటుంబములోనివనియు చూపెను.

ఆదోని ప్రాంతమున రెండు భాషలును వినఁబడును. "మా అవ్వకు జబ్బు" అని కన్నడపు బాలుఁడు చెప్పినచో, ముసలమ్మ యని తలంచి మనము ఊరకుండరాదు. ఏ యవ్వయో యడుగుదము. మంచము పట్టినది వాని తల్లియే కావచ్చును.