మూలకణాలు – ఆశకూ ఆధారానికీ నడుమ

కొమ్మ నరికిన చెట్టు మరల చిగురిస్తుంది. తోక తెగిన బల్లికి కొన్నాళ్లకు మరొక తోక మొలుస్తుంది. మనిషికి మాత్రం తెగిన వ్రేలు తిరిగి రాదు. అంతమాత్రాన మానవదేహానికి పునర్నిర్మాణ శక్తి బొత్తిగా లేదనుకోవడం పొరపాటు. గీరుకొనిపోయిన చర్మం మానుతుంది. కొంతభాగం కోసి తీసిన కాలేయం మళ్లీ పెరుగుతుంది. ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 దినాలు మాత్రమే; అందుచేత మన శరీరం ప్రతి సెకనుకూ దాదాపు 20 లక్షల క్రొత్త ఎర్రకణాలను తయారు చేస్తూనే ఉంటుంది. ఈ నిరంతర నిర్మాణానికి మూలమైన కణాలనే శాస్త్రజ్ఞులు మూలకణాలు అంటారు. ఆంగ్లంలో వీటి పేరు స్టెమ్ సెల్స్. వీటిని గురించి నేడు పత్రికలలో ఎంతో ఆశ, మరెంతో ప్రచారం కనిపిస్తున్నవి. ఈ రెండింటినీ వేరుచేసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూలకణ స్వభావం

తెలుగులో కణమన్నా, ఉర్దూలో ఖలియా అన్నా ప్రాణికి అదే పునాదిరాయి. శరీరంలోని కణాలలో అధికభాగం ఒక్కొక్క వృత్తికి కట్టుబడినవి. కండరకణం కండరంగానే ఉంటుంది. నాడీకణం నాడీకణంగానే ముగుస్తుంది. మూలకణానికి రెండు ప్రత్యేక లక్షణాలు ఉన్నవి. మొదటిది, అది విభజన చెంది తనవంటి కణాన్నే మరల సృష్టించగలదు. రెండవది, అవసరాన్నిబట్టి వేరొక వృత్తికణంగా మారగలదు. విత్తనపు ధాన్యాన్ని వేరుగా దాచి, మిగిలినది వండుకొనే రైతు ఇల్లు వంటిది దీని వ్యవహారం.

ఈ సంగతి ప్రయోగపూర్వకంగా వెల్లడి చేసినవారు కెనడా దేశంలోని టొరాంటో నగరానికి చెందిన టిల్, మెక్‌కల్లక్ అనే శాస్త్రజ్ఞులు. 1961లో వారు వికిరణంతో రక్తోత్పత్తి నశించిన ఎలుకలకు ఇతర ఎలుకల ఎముకల మూలుగలోని కణాలను ఎక్కించారు. కొన్ని రోజులకు ఆ ఎలుకల ప్లీహంపై చిన్న చిన్న బొడిపెలు లేచినవి. ఒక్కొక్క బొడిపె ఒక్కొక్క కణం సంతానమని 1963 నాటి ప్రయోగాలలో తేలింది. ఒకే కణం నుండి పలువిధాల రక్తకణాలు పుడుతున్నవని అట్లు నిరూపితమైంది.

మూలుగ మార్పిడి

ఈనాటికి లోకంలో అత్యంత దృఢంగా నిలిచిన మూలకణ చికిత్స ఎముకల మూలుగ మార్పిడియే. దాని తొలి అడుగులు విషాదకరమైనవి. 1957లో అమెరికా వైద్యుడు డానల్ థామస్ ఆరుగురు రోగులకు మూలుగ ఎక్కించిన వృత్తాంతాన్ని ప్రకటించాడు. వారిలో ఎవరూ ఎక్కువకాలం జీవించలేదు. దాత కణాలకూ, గ్రహీత దేహానికీ పొత్తు కుదరకపోవడం ప్రధానమైన అడ్డంకి. ఆ పొత్తును నిర్ణయించే కణచిహ్నాలలో మొదటిదానిని ఫ్రాన్స్ దేశపు ఝాఁ దోసే 1958లో కనుగొన్నాడు. అది తెలిసిన తరువాతనే మార్గం సుగమమైంది. 1968లో సోదరీసోదరుల మధ్య జరిగిన మార్పిడి సఫలమైంది. దోసేకు 1980లోను, థామస్‌కు 1990లోను నోబెల్ బహుమానం లభించింది. మన దేశంలో మొదటి మూలుగ మార్పిడి 1983లో బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది.

ఇక్కడ జన్యుశాస్త్ర విద్యార్థులు గమనించవలసిన లెక్క ఒకటి ఉంది. ఈ కణచిహ్నాల సముదాయంలో సగం తండ్రి నుండి, సగం తల్లి నుండి వస్తుంది. కనుక తోబుట్టువు ఒకరు పూర్తిగా సరిపోయే అవకాశం నాల్గింట ఒకటి మాత్రమే. ఇంటిలో దాత దొరకనివారు అపరిచితుల దాతృత్వంపై ఆధారపడవలసి వస్తుంది. ఈ విషయాన్ని వ్యాసం చివర మరల ప్రస్తావిస్తాను.

హైదరాబాదు కంటివైద్యుల కృషి

మూలకణ చికిత్సలో మన నగరానికి గౌరవప్రదమైన స్థానం ఉన్నది. కంటి నల్లగుడ్డుకు ముందు గడియారపు అద్దంవలె అమరి ఉండే పారదర్శక పటలాన్ని కార్నియా అంటారు. దాని పైపొర ఎప్పటికప్పుడు అరిగిపోతూ, క్రొత్తదవుతూ ఉంటుంది. ఆ క్రొత్త కణాలను పుట్టించే మూలకణాలు కార్నియాకూ తెల్లగుడ్డుకూ నడుమ ఉన్న సన్నని అంచులో నివసిస్తవి. కంటిలో ఆమ్లం గాని సున్నం గాని పడినప్పుడు ఈ అంచు మాడిపోతుంది. అప్పుడు తెల్లగుడ్డుపై పొర కార్నియా మీదికి ప్రాకి చూపును కప్పివేస్తుంది. మన దేశంలో తాంబూలపు చూనా పొట్లం నొక్కి ఆడుకొనే పసిపిల్లలు ఈ ప్రమాదానికి గురి కావడం కంటివైద్యులు తరచు చూస్తున్న విషయం. ఇటువంటి కంటికి ఇతరుల కార్నియా అతికించినా, మూలకణాలు లేని కారణాన అది నిలువదు.

1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు పెల్లెగ్రీని, డి లూకా మొదలైనవారు ఆరోగ్యంగా ఉన్న రెండవ కంటి అంచు నుండి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న కంటికి అతికే పద్ధతిని ప్రకటించారు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో 2001 నుండి ఈ రకమైన చికిత్స ఆరంభమైంది. 200 మంది రోగుల ఫలితాలను 2011లో ప్రకటించగా, 142 మందిలో అది సఫలమైనట్లు తేలింది. కాని ప్రయోగశాలలో కణాలను పెంచడం వ్యయప్రయాసలతో కూడిన పని. అందుచేత డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, ఆయన సహచరులు 2012లో మరింత సులభమైన మార్గాన్ని చూపారు. మంచి కంటి నుండి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దానిని ఎనిమిది పది తునకలుగా కోసి, కాన్పులో లభించే ఉమ్మనీటి సంచి పొరను పరచిన కార్నియాపై నేరుగా జిగురుతో అతికిస్తారు. కణాలు ప్రయోగశాలలో పెరుగుటకు బదులు కంటిలోనే పెరుగుతవి. 2016లో ప్రకటించిన 125 మంది ఫలితాలలో 95 మందికి కంటి పైపొర నిలిచింది. ఖరీదైన యంత్రం లేనిచోట ఆలోచన ఎంత పని చేయగలదో దీనివలన తెలుస్తున్నది. అయితే పిల్లల చేతికి చూనా పొట్లం అందకుండా చూడడం ఈ శస్త్రచికిత్స కంటె ఎంతో సులభమని కూడ మరువరాదు.

వెనుకకు నడచిన కణం

ఎదిగిన కణం తిరిగి శైశవానికి పోగలదా? 1962లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ గర్డన్ కప్ప అండంలోని కేంద్రకాన్ని తొలగించి, తోకకప్ప ప్రేగుకణపు కేంద్రకాన్ని అందులో నిలిపి క్రొత్త కప్పను పుట్టించాడు. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ మానవ పిండం నుండి మూలకణాలను వేరుచేసి పెంచాడు. పిండాన్ని నశింపజేయవలసి రావడంతో నైతిక వివాదం చెలరేగింది. 2006లో జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి ఎలుక చర్మకణాలను పిండకణాల వంటివిగా మార్చాడు. మరుసటి సంవత్సరమే మానవ కణాలతోనూ ఇది సాధ్యమైంది. గర్డన్, యమనాకాలకు 2012లో నోబెల్ బహుమానం లభించింది.

ఈ మార్గంలో కొన్ని ఫలితాలు కనిపిస్తున్నవి. ఇన్సులిన్ ఉత్పత్తి పూర్తిగా నశించే మొదటిరకం మధుమేహంలో, పిండ మూలకణాల నుండి పెంచిన కణాలను ఎక్కించిన ప్రయోగ ఫలితాలు 2025లో వెలువడినవి. పూర్తి మోతాదు పొందిన 12 మందిలో 10 మందికి ఏడాది తరువాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. కాని ఆ కణాలను దేహం తిరస్కరించకుండా వారు రోగనిరోధకశక్తిని అణచే మందులు వాడవలసి ఉన్నది.

పరిష్కరించవలసిన చిక్కులు

మొదటి చిక్కు కణం స్వభావంలోనే ఉన్నది. అనంతంగా విభజన చెందే శక్తి అదుపు తప్పితే అదే కంతి అవుతుంది. యమనాకా ఉపయోగించిన నాలుగు జన్యువులలో ఒకటి క్యాన్సరుతో సంబంధం కలది. 2014లో జపానులో ఒక వృద్ధురాలి కంటికి ఆమె చర్మం నుండి తయారైన కణాల పొరను అతికారు. రెండవ రోగికి సిద్ధపరచిన కణాలలో జన్యుమార్పులు కనబడగా, వైద్యులు ఆ చికిత్సను నిలిపివేశారు. అతికిన వార్త కంటె ఆపిన వార్తయే శాస్త్రానికి ఎక్కువ గౌరవం తెచ్చిందని నా అభిప్రాయం.

రెండవది వ్యయం. తలసీమియా, సికిల్ సెల్ రోగులకు వారి మూలకణాలలోని జన్యువునే సవరించి తిరిగి ఎక్కించే చికిత్సకు 2023లో బ్రిటన్, తరువాత అమెరికా అనుమతి ఇచ్చినవి. అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. మూడవది కీర్తికాంక్ష. దక్షిణ కొరియాలో మానవ పిండాలను ప్రతిసృష్టి చేసి మూలకణాలు పొందినట్లు 2004, 2005 సంవత్సరాలలో ప్రకటించిన రెండు పరిశోధన పత్రాలు కల్పితాలని తేలి, 2006లో ఉపసంహరింపబడినవి.

అన్నిటికంటె బాధాకరమైనది ఆశను అమ్ముకొనే వ్యాపారం. అమెరికాలోని ఫ్లోరిడాలో కొవ్వు నుండి తీసిన కణాలను రెండు కళ్లలోనూ ఎక్కించుకొన్న ముగ్గురు స్త్రీలు చూపు కోల్పోయిన సంగతిని 2017లో వైద్యపత్రిక ఒకటి ప్రకటించింది. మన దేశంలోనూ పక్షవాతానికి, బుద్ధిమాంద్యానికి, మోకాళ్ల నొప్పికి ఒకే సూది మందు అని ప్రకటనలు కనిపిస్తూ ఉంటవి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శక సూత్రాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే మూలుగ మూలకణాల మార్పిడి వంటి నిర్ధారిత చికిత్సలు తప్ప, తక్కిన మూలకణ ప్రయోగాలు అనుమతి పొందిన పరీక్షలలో భాగంగానే జరుగవలెను. పరీక్షలో పాల్గొను రోగి వద్ద ఆ చికిత్సకు రుసుము వసూలు చేయడం ధర్మం కాదు. కావున పొలం అమ్మి, నగలు కుదువబెట్టి పోయేముందు కుటుంబం అడుగవలసినవి మూడు ప్రశ్నలు. ఇది నిర్ధారిత చికిత్సయా, పరీక్షయా? పరీక్షయైతే అనుమతి పత్రమేది? ఇంతకుముందు ఎందరికి చేశారు, ఎందరికి మేలు జరిగింది, ఆ లెక్క ఎక్కడ ప్రకటితమైంది? సమాధానం చెప్పడానికి విసుగుకొనేచోట నిలువకుండుటయే క్షేమం.

విద్యార్థి మిత్రులకు, కళాశాల పాలకవర్గానికి మనవి

మన విద్యార్థులలో అనేకులు తమ ఇంటిలో మొదటిసారి కళాశాల గడప త్రొక్కినవారు. వైద్యుని చీటీ చదివి పెట్టమని బంధువులు వారి వద్దకే వస్తారు. ఆ మూడు ప్రశ్నలను తల్లికి తెలుగులోనో ఉర్దూలోనో అర్థమయ్యేటట్లు చెప్పగలిగితే, మనం చదివిన జీవశాస్త్రం పరీక్ష గదిని దాటి ఇంటికి చేరినట్లే.

పాలకవర్గం వారు ఏటా నిర్వహించే రక్తదాన శిబిరంతోపాటు మూలకణ దాతల నమోదును కూడ ఏర్పాటు చేయవలెనని నా విన్నపం. 18 ఏళ్లు నిండిన ఆరోగ్యవంతులు బుగ్గలోపలి నుండి దూదితో తీసిన నమూనా ఇస్తే చాలును. తోబుట్టువులలో దాత దొరకని పిల్లవాడికి మన తరగతిలో కూర్చున్న ఒకరు సరిపోవచ్చును. మూలకణాల పాఠం పూర్తిగా అర్థమైనదనడానికి అంతకుమించిన నిదర్శనం మరొకటి ఉండదు.